ప్రెజ్మెర్ కోట చర్చి: ప్రాకారం గోడకు 270 గదులు ఎందుకు?

ప్రవాసి_బ్రషోవ్
రొమేనియాలోని బ్రషోవ్‌లో రెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. పోయిన ఆదివారం ఒక యాత్రా సంస్థ బస్సులో చుట్టుపక్కల ఊళ్లు చూడడానికి వెళ్లాను. ఎక్కిన దగ్గర నుంచి దిగే వరకు గైడు డ్రాక్యులా కథలు తప్ప మరొకటి చెప్పలేదు. ప్రెజ్మెర్ అనే ఊళ్లో మాత్రం ఇరవై నిమిషాలు బస్సు ఆపాడు. ఆ ఇరవై నిమిషాలే నన్ను వారం రోజులుగా వెంటాడుతున్నాయి.

బయటి నుంచి చూస్తే అది గుండ్రటి తెల్లని కోట. దాదాపు 30 మీటర్ల పొడవున్న కమాను దారిలో నడిచి లోపలికి వెళితే నడుమ ఒక చర్చి, దాని చుట్టూ ప్రాకారం గోడ లోపలి ముఖానికి తేనెపట్టులా అతుక్కుని నాలుగు అంతస్తుల చిన్న చిన్న గదులు కనిపించాయి. ఒక్కో గదికి చెక్క తలుపు, తలుపు మీద అంకె, పైకి వెళ్లడానికి చెక్క మెట్లు ఉన్నాయి. అలాంటి గదులు 270కి పైగా ఉన్నాయట. ఫొటోలు పంపితే మా నాన్నగారు ఇది జైలా అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. ఒక పల్లెటూరి చర్చికి ఇంత కోట ఎందుకు, దాన్ని ఎవరు కట్టించారు, రాజా, జమీందారా, మతపెద్దలా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

హన్మకొండ_వాసి
గదులు సన్యాసులవి అయి ఉంటాయి. ఐరోపాలో మఠాలు అలాగే ఉంటాయి కదా.

చరిత్రప్రియ
సన్యాసులవి కావు, ఊరి కుటుంబాలవి. ప్రతి కుటుంబానికీ ఒక గది చొప్పున కేటాయించేవారు, తలుపు మీద అంకె ఆ ఇంటి గుర్తే. శాంతికాలంలో అది ఆ ఇంటి గాదె, దాడి జరిగినప్పుడు అదే ఆ ఇంటిల్లిపాదికీ తలదాచుకునే చోటు.

ఎవరు కట్టించారన్నది అసలు ప్రశ్న. ప్రెజ్మెర్ ఉన్న ట్రాన్సిల్వేనియా ప్రాంతం అప్పట్లో హంగరీ రాజ్యంలో భాగం. తూర్పు సరిహద్దు కాపాడడానికీ, బీడు భూములు సాగులోకి తేవడానికీ రెండవ గేజా రాజు (1141–1162) రైన్, మోసెల్ నదుల ప్రాంతాల నుంచి, ఫ్లాండర్స్ నుంచి, నేటి లక్సెంబర్గ్ వైపు నుంచి రైతులను, చేతిపనివారిని రప్పించాడు. వారందరికీ కలిపి సాక్సన్లు అనే పేరు స్థిరపడింది, నిజానికి వారి మాండలికం ఈనాటికీ లక్సెంబర్గ్ భాషకే దగ్గరగా ఉంటుంది. 1224లో రెండవ ఆండ్రూ రాజు వారికి ఒక హక్కుపత్రం ఇచ్చాడు. దాని ప్రకారం ఆ భూమి నేరుగా రాజుదే, మధ్యలో దొర ఉండడు, వెట్టి ఉండదు, తమ న్యాయాధికారిని, తమ పూజారిని తామే ఎన్నుకోవచ్చు.

దొర లేడు కాబట్టి దొరగారి కోట కూడా లేదు. శత్రువు వచ్చినప్పుడు పరుగెత్తి దాక్కోవడానికి ఊళ్లో ఉన్న ఒకే ఒక్క గట్టి రాతికట్టడం చర్చి. అందుకే చర్చి చుట్టూనే గోడ లేచింది, ఆ గోడను కట్టింది ఊరే. స్వేచ్ఛగా బతికినందుకు వాళ్లు రాళ్లు మోసి చెల్లించుకున్న మూల్యం అది అని నేను అనుకుంటాను.

ప్రవాసి_బ్రషోవ్
చరిత్రప్రియ గారూ, ఒక్క పేరాలో గైడు రోజంతా చెప్పనిది చెప్పారు. శత్రువు అంటే ఎవరు? తురుష్కులేనా?

చరిత్రప్రియ
మొదటి దెబ్బ 1241–42లో మంగోలులది. ఆ తర్వాత 14వ శతాబ్దం చివరి నుంచి మీరన్న తురుష్కుల, అంటే ఒట్టోమాన్ సేనల, దాడులు మొదలై రెండు శతాబ్దాలకు పైగా సాగాయి. ఇప్పుడు మనం చూస్తున్న ప్రాకారాలు, బురుజులు చాలావరకు 15, 16 శతాబ్దాల్లో ఆ భయంతో కట్టినవే. వాళ్లొక్కరే కాదు, పొరుగు ప్రభువుల సేనలు కూడా వచ్చేవి. ప్రెజ్మెర్ కోటను ఎన్నోసార్లు ముట్టడించినా అది లొంగింది ఒక్కసారే, 1611లో, ట్రాన్సిల్వేనియా పాలకుడే అయిన గాబ్రియేల్ బాథొరి సేనకు.

మీ గైడు డ్రాక్యులా గురించి చెప్పిన కథల్లో ఒక నిజం మాత్రం వదిలేసి ఉంటాడు. ఆ పేరుకు మూలమైన మూడవ వ్లాద్, పొరుగున ఉన్న వలేకియా పాలకుడు, 1450ల చివర బ్రషోవ్ చుట్టుపక్కల సాక్సన్ గ్రామాల మీద పడి తగలబెట్టాడు. వాణిజ్య తగాదాలు, సింహాసనం కోసం తన పోటీదారులకు వాళ్లు ఆశ్రయం ఇచ్చారన్న కోపం అందుకు కారణాలు. ఈ గోడలు అలాంటివారి నుంచి కాపాడుకోవడానికే.

పాలమూరు_బురుజు
ఇందులో నాకు వింత ఏమీ కనిపించడం లేదు. మా పాలమూరు జిల్లాలో ఊరూరా బురుజు ఉంది. మా తాతగారి ఊళ్లో నడివీధిలో మట్టీ రాయీ కలిపి కట్టిన గుండ్రటి బురుజు ఇప్పటికీ సగం నిలబడి ఉంది. దోపిడీ దండు వస్తుందని తెలిస్తే ఊరి వాళ్లు అందులోకి వెళ్లి కాచుకునేవారని మా తాతగారు చెప్పేవారు. రాయలసీమలో కూడా ఇవే కనిపిస్తాయి. ఆపద ఒకటే, ఉపాయమూ ఒకటే.

చరిత్రప్రియ
పోలిక బాగుంది కానీ ఒక తేడా ఉంది. మన వైపు బురుజు, గడీ చాలాచోట్ల దేశ్‌ముఖ్‌దో పాలెగాడిదో. దాని తలుపు తెరవాలా వద్దా అన్నది అతని ఇష్టం. అక్కడ అలా కాదు, గది తాళం ఆ ఇంటివాళ్ల చేతిలోనే ఉండేది.

పాలమూరు_బురుజు
అన్నిచోట్లా దొరవే అంటే నేను ఒప్పుకోను. మా ఊరి బురుజు మా ఊరిదే, దానికి మట్టి తొక్కింది మా ముత్తాతలే. ఎవరి పేరు మీద ఉందన్నది వేరే మాట. అయితే ఇంటింటికీ ఒక గది అన్న ఏర్పాటు మాత్రం మా దగ్గర లేదు, అది ఒప్పుకుంటాను.

సివిల్_సారథి
వృత్తిరీత్యా పాత కట్టడాల మరమ్మతులు చూస్తాను. 2019లో సెలవు పెట్టి పది రోజులు ఆ ప్రాంతమంతా తిరిగాను. కట్టుబడి గురించి నాలుగు మాటలు రాస్తాను.

ప్రెజ్మెర్ గోడ దాదాపు 12 మీటర్ల ఎత్తు, మందం 3 నుంచి 4 మీటర్లు. అంత మందం ఫిరంగి గుండ్ల కోసమే కాదు. గోడ పైభాగంలో లోపలే ఒక నడవా ఉంది, కాపలావాళ్లు చుట్టూ తిరుగుతూ చిన్న రంధ్రాల గుండా తుపాకులు గురిపెట్టేవారు. ఆ రంధ్రాల దగ్గర నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది: లోపలి వైపు వెడల్పుగా, బయటి వైపు సన్నగా ఉంటాయి, అందువల్ల లోపలివాడు గురిని అటూ ఇటూ తిప్పగలడు, బయటివాడికి మాత్రం కొట్టడానికి జానెడు సందు కూడా దొరకదు. కొన్నిచోట్ల గోడ పైఅంచు బయటికి పొడుచుకు వచ్చి, దాని అడుగున సందులు వదిలి ఉంటాయి. గోడ మొదట్లోకి చేరిన వాడి నెత్తిన ఆ సందుల్లోంచి రాళ్లు, మరిగే ద్రవాలు కుమ్మరించేవారు. తుపాకీ గొట్టాలను వరసగా ఒక చట్రానికి బిగించి అన్నీ ఒక్కసారే పేలేలా చేసిన యంత్రం కూడా అక్కడ ఉండేదట, దాన్ని వాళ్లు మృత్యు ఆర్గన్ అంటారు.

అయితే ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. ప్రెజ్మెర్‌లో చర్చిని మామూలుగా వదిలేసి గోడను కోటగా మార్చారు. సస్కీజ్‌లో చర్చే కోట. 1493లో మొదలుపెట్టి ముప్పై ఏళ్లకు పైగా కట్టారు. ప్రార్థనామందిరం కప్పు మీద మరో అంతస్తు లేపి దాన్ని పోరాటానికి వాడారు. గోడలకు ఆనించిన ఊతగోడల మధ్య కమానులు కట్టి, ఆ కమానుల వెనక సందులు దాచారు. కింద ఉన్నవాడికి అది అలంకారంలా కనిపిస్తుంది, తల మీద రాయి పడేదాకా అసలు సంగతి తెలియదు. వాలెయా వీలోర్‌లో అయితే బావిని ఏకంగా చర్చి లోపల, బలిపీఠం ఉండే భాగంలోనే తవ్వుకున్నారు. ముట్టడిలో ముందుగా చంపేది దాహమే అని వాళ్లకు బాగా తెలుసు.

హన్మకొండ_వాసి
సన్యాసుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఓరుగల్లులో రాతికోట చుట్టూ మట్టికోట ఉన్నట్టు అక్కడ కూడా ప్రాకారాలు ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయా?

సివిల్_సారథి
ఉంటాయి. బియెర్తన్‌లో కొండ మీది చర్చి చుట్టూ మూడు ప్రాకారాలు ఉన్నాయి, పైకి ఎక్కడానికి పైకప్పు వేసిన చెక్క మెట్లదారి ఉంది. అది 1572 నుంచి 1867 వరకు సాక్సన్ లూథరన్ బిషప్పు పీఠం. అక్కడ నన్ను కదలనివ్వకుండా నిలబెట్టింది గోడలు కాదు, విలువైన వస్తువులు దాచే గది తలుపు. తలుపు లోపలి ముఖమంతా తాళం యంత్రమే. ఒక్క తాళంచెవి తిప్పితే పదికి పైగా గడియలు నాలుగు అంచుల్లోకీ ఒక్కసారే దూరతాయి. 1515 నాటి పని అది, 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు తీసుకెళ్లి చూపించారు. ఒక పల్లెటూరి కమ్మరి చేయి ఎంత తిరిగిందో ఆ తలుపు చూస్తే తెలుస్తుంది.

మ్యూనిక్_మాధవి
బియెర్తన్ అంటే విడాకుల గది గుర్తొచ్చింది. విడిపోవాలనుకునే దంపతులను ఒక బురుజు గదిలో కొన్ని వారాలు ఉంచేవారట, ఒకే మంచం, ఒకే పళ్లెం, ఒకే చెంచా. మూడు వందల ఏళ్లలో ఒక్క జంటే విడిపోయిందని అందరూ మురిసిపోతూ చెబుతారు. నాకైతే ఆ గదిలో నిలబడితే ఊపిరాడలేదు. భర్త చేత దెబ్బలు తిన్న మనిషిని అదే మనిషితో గదిలో పెట్టి తలుపు వేస్తే ఆమె రాజీ పడకుండా ఏం చేస్తుంది? గైడు పుస్తకాలు దాన్ని ముచ్చటగా రాయడం నాకు నచ్చదు.

హన్మకొండ_వాసి
అంతవరకు ఆలోచించలేదు, మీరన్నది నిజమే.

గుంటూరు_గంట
సారథి గారు లూథరన్ అనగానే ప్రాణం లేచివచ్చింది. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో హయ్యరు అయ్యగారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం మాది. మార్టిన్ లూథర్ మాట గుంటూరు చేరడానికి మూడు వందల ఏళ్లు పట్టింది, మరి ట్రాన్సిల్వేనియా పల్లెలకు ఎప్పుడు చేరింది?

చరిత్రప్రియ
లూథర్ బతికి ఉండగానే చేరింది. బ్రషోవ్‌కు చెందిన యొహానెస్ హొంటెరుస్ 1540లలో అక్కడ కాథలిక్కుల నుంచి వేరుపడిన లూథర్ మత సంస్కరణకు నాయకత్వం వహించాడు, కొద్ది ఏళ్లలోనే సాక్సన్లు మొత్తంగా లూథరన్లయ్యారు. అంతకుముందు కట్టిన చర్చిలన్నీ కాథలిక్కులవే, అందుకే గోడల మీది పాత చిత్రాలకు చాలాచోట్ల సున్నం కొట్టేశారు. ఆ సున్నం గీకితే ఇప్పుడు బొమ్మలు బయటపడుతున్నాయి.

గుంటూరు_గంట
బైబిల్లోని 46వ కీర్తనలో దేవుణ్ణి దుర్గంతో పోల్చిన మాట మా అమ్మమ్మ రోజూ చదివేది. మాకది ఉపమానం. ఆ ఊళ్లవాళ్లు మాత్రం అదే వాక్యాన్ని నాలుగు మీటర్ల మందం గోడ మధ్య, బయట శత్రువు ఉండగా చదివి ఉంటారు. ఈ రాత్రి ఆ కీర్తన మళ్లీ తీసి చదువుతాను.

మ్యూనిక్_మాధవి
గుంటూరు గంట గారూ, ఆ చర్చిల లోపల ఇంకో ఆశ్చర్యం ఉంది. సున్నం కొట్టిన తెల్లటి గోడల మీద, బల్లల మీద ఒట్టోమాన్ తివాచీలు వేలాడుతుంటాయి. ఆ ప్రాంతపు లూథరన్ చర్చిల్లో దాదాపు 400 మిగిలాయి, బ్రషోవ్‌లోని నల్ల చర్చిలో పెద్ద సేకరణ ఉంది. వర్తకులు, వృత్తి సంఘాలవారు కానుకగా ఇచ్చినవి. ఎవరి సేన వస్తుందని గోడలు కట్టారో, వాళ్ల దేశంలో నేసిన తివాచీనే దేవుడి ఎదుట పరిచారు. యుద్ధం ఒక దారిన, సంత ఒక దారిన నడిచాయన్నమాట.

పాలమూరు_బురుజు
తుపాకులు, తివాచీలు సరే, నాకు గాదెల సంగతే ఎక్కువ ఆసక్తిగా ఉంది. శాంతికాలంలో కూడా ధాన్యం ఇంట్లో కాకుండా చర్చిలో ఎందుకు?

సివిల్_సారథి
దాడి వస్తుందని కబురు అందిన తర్వాత మూటలు కట్టుకునే సమయం ఉండదు. తిండి ముందే లోపల ఉంటే మనుషులు, పశువులు లోపలికి వస్తే చాలు. రెండో కారణం నిప్పు. ఊళ్లో ఇళ్లకు గడ్డి, చెక్క ఎక్కువ, ఒక ఇల్లు అంటుకుంటే వీధంతా పోతుంది, రాతిగోడలో ఉన్న గింజలు మిగులుతాయి. నన్నడిగితే ఈ కోటలకు ప్రాణం తుపాకీ రంధ్రం కాదు, ఆ ధాన్యపు పెట్టే. గొడ్డలితో చెక్కిన పలకలను మేకులు లేకుండా దూర్చి, ఇంటి కప్పులాంటి మూత పెట్టిన పెట్టెలు కొన్ని చర్చిల్లో ఇప్పటికీ ఉన్నాయి.

మ్యూనిక్_మాధవి
విస్క్రిలో పంది కొవ్వు బురుజు ఉంది. గాలి ఆడే చల్లని బురుజులో ఊరందరి ఉప్పు పట్టించిన కొవ్వు ముక్కలు వరసగా వేలాడదీసేవారు. ప్రతి ముక్క మీదా ఆ ఇంటి ముద్ర ఉండేదట, కావలసినంత కోసుకున్నాక కోసిన అంచు మీద మళ్లీ ముద్ర వేసేవారని చెబుతారు, ఇంకొకరు కోస్తే తెలిసిపోయేలా. దర్జియులో అయితే ఈ అలవాటు నేటికీ నడుస్తోంది. అది సాక్సన్ల ఊరు కాదు, హంగరీ భాష మాట్లాడే సెకేయిలది, త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్ శాఖ చర్చి. 1419 నాటి గోడ చిత్రాల పక్కన నిలబడితే ప్రాకారం గదుల్లోంచి పొగ పట్టించిన మాంసం వాసన వస్తుంది.

హన్మకొండ_వాసి
మా అమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి దారం ముడి గుర్తుపెట్టుకునేది. ఆ ముద్ర కథ చదివితే అదే గుర్తొచ్చింది. ఇవన్నీ యునెస్కో జాబితాలో ఉన్నాయా?

చరిత్రప్రియ
1993లో బియెర్తన్ ఒక్కటే చేరింది. 1999లో ప్రెజ్మెర్, విస్క్రి, సస్కీజ్, వాలెయా వీలోర్, దర్జియు, కిల్నిక్ కలిపారు, మొత్తం ఏడు. కానీ కోట చర్చిలు ఆ ప్రాంతంలో 150కి పైగా మిగిలాయి. మిగతా వాటి మాటేమిటన్నదే నా బాధ.

మ్యూనిక్_మాధవి
ఆ బాధ నాకు మా పక్కింటివాళ్ల రూపంలో తెలుసు. మా పక్కింటి పెద్దాయన సాక్సన్, 1990లో కుటుంబంతో జర్మనీ వచ్చేశారు. 1945 జనవరిలో పని చేయగలిగిన సాక్సన్ స్త్రీ పురుషులను వేల సంఖ్యలో సోవియట్ బలవంతపు పని శిబిరాలకు పంపారు, ఆయన తల్లి వారిలో ఒకరు. ఆ తర్వాత రొమేనియా నియంత చౌషెస్కూ కాలంలో పశ్చిమ జర్మనీ తలకు ఇంత అని డబ్బు కట్టి మనుషులను రప్పించుకుంది. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిపోగానే మిగిలినవారిలో చాలామంది ఏడాది తిరక్కుండా వెళ్లిపోయారు. ఎనిమిది వందల ఏళ్లు నిలబడిన ఊళ్లు ఒక్క వేసవిలో ఖాళీ అయ్యాయి.

ఆయనతో కలిసి 2018లో ఆయన ఊరు వెళ్లాను. చర్చికి తాళం వేసి ఉంది. ఎదురింట్లో ఒక ముసలమ్మ ఉంటుందని, తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందని చెప్పారు. ఆమె మూరెడు ఇనుప తాళంచెవిని కొంగులో చుట్టుకున్నట్టు ఏప్రన్‌లో పట్టుకుని వచ్చింది. తలుపు తెరిచాక ఆయన నేరుగా మందిరంలోకి వెళ్లలేదు, ప్రాకారం గదుల వైపు వెళ్లి తమ ఇంటి గది ముందు ఆగారు. లోపల ఖాళీ పెట్టె, పావురాల రెట్టలు, మూలన గోడకు ఒక మేకు ఉన్నాయి. ఆయన ఆ మేకు మీద వేలు పెట్టి, మా నాన్న ఇక్కడ కొడవలి తగిలించేవాడు అన్నారు. అంతకుమించి ఏమీ మాట్లాడలేదు.

గుంటూరు_గంట
చదువుతుంటే కళ్లు చెమర్చాయి, మాధవి గారూ. ఆ ముసలమ్మ సాక్సన్ స్త్రీయేనా?

మ్యూనిక్_మాధవి
కాదు, రొమేనియన్, ఆర్థడాక్స్ శాఖ క్రైస్తవురాలు. తన చర్చి కాదు. అయినా పాతికేళ్లుగా వాళ్ల తాళంచెవిని కాపాడుతోంది, పండుగ ముందు గడ్డి కోయిస్తోంది.

సివిల్_సారథి
అలాంటి మనిషి లేని చోట ఏం జరుగుతుందో 2016 ఫిబ్రవరిలో చూశాం. రోవాదేష్‌లో ఒక బురుజు, కొద్ది రోజుల తేడాలో రోత్బావ్‌లో చర్చి గంటగోపురం కుప్పకూలాయి. పాత సున్నపు గోడలకు తుపాకీ కంటే వాన ప్రమాదం. పైకప్పు పెంకు ఒకటి జారితే ఎక్కి సర్దే మనిషి ఊళ్లో ఉన్నంతకాలం గోడకు ఢోకా లేదు. ఆ మనిషి వెళ్లిపోతే నీరు గోడ నడుముకు దిగుతుంది, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, సున్నాన్ని పిండి చేస్తుంది. పైకి మాత్రం ఏళ్ల తరబడి ఏమీ కనబడదు. ఇంకొకటి, మరమ్మతు పేరుతో సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక గోడ మరింత త్వరగా చెడుతుంది. మన గుడి ప్రాకారాలకు సిమెంటు పూస్తున్నవాళ్లకు కూడా ఇదే చెప్పి చెప్పి అలసిపోయాను.

పాలమూరు_బురుజు
మా బురుజుకు పోయినేడు పంచాయతీ పనుల్లో సిమెంటే పూశారు. ఇప్పుడేం చేయాలి?

సివిల్_సారథి
ఫొటోలు నాకు పంపండి. ముందు పైన నీరు నిలుస్తోందా, ఎటు పోతోందో చూడండి. గట్టిగా అంటుకున్న సిమెంటును సమ్మెటతో కొట్టించకండి, రాయి కూడా ఊడి వస్తుంది. సంక్రాంతికి ఆ వైపు వస్తాను, కలిసి చూద్దాం.

ప్రవాసి_బ్రషోవ్
మీరందరూ రాసింది చదివి నిన్న ఒక్కడినే మళ్లీ ప్రెజ్మెర్ వెళ్లాను. మూడు గంటలు ఉన్నాను. ఈసారి చెక్క మెట్లెక్కి పై అంతస్తు దాకా వెళ్లాను, ప్రతి మెట్టు నడుమా తొక్కితొక్కి దొన్నెలా గుంట పడింది. సారథి గారు చెప్పిన రంధ్రం దగ్గర వంగి చూస్తే ఊరి వీధి, దాని మీద సైకిల్ తొక్కుతున్న ఒక పిల్లాడు మాత్రమే కనిపించారు.

గదుల్లో ఒకదాన్ని పాత బడిలా ఉంచారు. ముట్టడి రోజుల్లో కూడా పిల్లలకు పాఠాలు ఆపలేదట. పొట్టి బల్లలు, ఒక నల్లబల్ల, చేతివెడల్పు కిటికీ. ఆ బల్ల మీద కాసేపు కూర్చుని ఫొటో తీసి మా నాన్నగారికి పంపాను, ఆయన ముప్పై ఏళ్లు బడిపంతులు. జైలు కాదు నాన్నా, గాదె, ఇల్లు, బడి అన్నీ ఇదే అని రాశాను. తరగతికి ఎంతమంది పిల్లలు పట్టేవారో కొలిచి చెప్పమన్నారు. వచ్చే శనివారం టేపు తీసుకుని వెళుతున్నాను.